కమ్మ దగ్గర ఆగిన వాపు

ఆదోనిలో ఉండే మా పెద్దమ్మకు రెండు చెవులూ ఎర్రగా వాచి, దిండు మీద తల ఆనించలేకపోయింది. ఎండలకు వేడి చేసిందనుకొని మజ్జిగ తాగించాం, చెవిలో చుక్కల మందు వేశాం. పది రోజులకు తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చింది. చెవంతా కందిపోయినా, కమ్మ పెట్టుకునే తమ్మె మాత్రం మామూలుగానే ఉంది. జబ్బును పట్టించే గుర్తు అదేనని మాకప్పుడు తెలియదు.

తమ్మెలో మృదులాస్థి ఉండదు. చెవి పైభాగానికి, ముక్కుకు, శ్వాసనాళానికి ఆకారం నిలిపేది ఆ మెత్తటి ఎముకే. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దాని మీదే తిరగబడితే వచ్చే జబ్బు రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్. 1923లో మొదటిసారి దీన్ని వర్ణించారు. చాలా అరుదు. గొంతు బొంగురుపోయినా, ఊపిరాడకపోయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

పెద్దమ్మకు ఈ జబ్బు కిడ్నీకి కూడా పాకింది. మరి మృదులాస్థే లేని కిడ్నీకి ఇది ఎలా పాకుతుంది? ఈ జబ్బుతో పాటు కొంతమందిలో సన్న రక్తనాళాలు కూడా వాస్తాయి. కిడ్నీలో రక్తాన్ని వడగట్టేవి అలాంటి నాళాల చుట్టలే. అవి దెబ్బతింటే ప్రొటీన్, ఎర్ర రక్తకణాలు మూత్రంలోకి జారిపోతాయి. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 1987లో ప్రచురించిన పరిశీలనలో 129 మంది రోగుల్లో 29 మందికి కిడ్నీ దెబ్బతింది. అయినా చెవిలా అది నొప్పి పెట్టదు. పెద్దమ్మ పాదాలు వాచి, మూత్రం నురగ కట్టాకే మేం కర్నూలుకు పరుగెత్తాం. అన్నాళ్లూ చెవి నొప్పికని మెడికల్ షాపులో తెచ్చి మింగించిన నొప్పి మాత్రలు కూడా కిడ్నీకి చేటేనని అక్కడ తెలిసి నాకు చాలా బాధేసింది.

వైద్యం ఎంత గట్టిగా ఉండాలో కిడ్నీయే తేలుస్తుంది. సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీలో చూస్తారు. నాళాల వాపు తీవ్రంగా ఉంటే మొదట సెలైన్‌లో పెద్ద మోతాదు స్టెరాయిడ్, తోడుగా సైక్లోఫాస్ఫమైడ్ గానీ రిటుక్సిమాబ్ గానీ ఇస్తారు. జబ్బు అదుపులోకి వచ్చాక అజాథయోప్రిన్ లాంటి మాత్రలతో నిలబెడతారు. ఇవన్నీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కాబట్టి టీబీ ఉందేమో ముందే చూస్తారు, జ్వరమొస్తే వెంటనే రమ్మంటారు. ముఖం ఉబ్బిందని స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేయడం ప్రమాదం. చాలా రోజులు వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది, అందుకే మెల్లగా దించాలి.

"చెవులు బాగున్నాయి కదా పెద్దమ్మా, ఈ నెల వద్దులే" అంటే ఆమె వినదు. పొద్దున్నే మూత్రం సీసా, బీపీ రాసుకున్న నోటు పుస్తకం సంచిలో పెట్టుకొని బస్సెక్కుతుంది.