హోమ్‌లో కుర్రాడు ఎందుకు నోరు విప్పడు? గ్రూప్ కౌన్సెలింగ్ వెనకున్న కథ

పుణె పోర్షే కారు కేసులో పదిహేడేళ్ల కుర్రాడిని మేజర్‌గా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను 2025 జూలైలో, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు తోసిపుచ్చింది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. 2024 మే 19న ఆ కారు ఢీకొని ఇద్దరు యువ ఉద్యోగులు చనిపోవడం, గంటల్లోనే బెయిల్ రావడం, 300 పదాల వ్యాసం రాయమన్న షరతు అందరికీ గుర్తే. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ వ్యాసంతో పాటు 'కౌన్సెలింగ్' అన్న మాట కూడా జనం దృష్టిలో చులకనైపోయింది. శిక్ష తప్పించుకునే దొంగదారి అన్న ముద్ర దాని మీద పడింది. ఆ మాట చట్టంలోకి ఎందుకు వచ్చిందో, వచ్చాక దానికి ఏం జరిగిందో మాత్రం ఎవరూ అడగడం లేదు.

అది 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంతో వచ్చింది. ఆ చట్టం అబ్బాయిల్ని మైనర్లుగా చూసే వయసు పరిమితిని 16 నుంచి 18కి పెంచింది. నేరం చేసినట్టు తేలిన పిల్లల్ని గ్రూప్ కౌన్సెలింగ్‌లో పాల్గొనమని ఆదేశించే అధికారాన్ని కూడా అదే చట్టం బోర్డుకు ఇచ్చింది. అప్పటిదాకా పెద్దల కోర్టులకు వెళ్లిన పదహారు, పదిహేడేళ్ల వాళ్లు, కేసుల్లో ఉన్న పిల్లల్ని ఉంచే హోమ్‌ల దారి పట్టారు. మీసాలొస్తున్న ఆ కుర్రాళ్లకు మందలింపు చాలదు, జైలు తగదు. మధ్యలో ఉండాల్సిన పని ఇదే.

గ్రూప్ కౌన్సెలింగ్ అంటే నీతిబోధ కాదు. ఎనిమిది, పది మంది గుండ్రంగా కూర్చుంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగిన తోపులాటే ఆ రోజు విషయం కావచ్చు. "వాడు నన్ను చూసి నవ్వాడు, కొట్టాను" అంటాడొకడు. వాడి నవ్వుకీ నీ దెబ్బకీ మధ్య నీకేమనిపించింది అని కౌన్సెలర్ అడుగుతారు. "నాకూ అలాగే అయింది, అందుకే ఇక్కడున్నా" అని పక్కవాడు అంటే, ఆ మాట పెద్దల మాట కన్నా లోతుగా దిగుతుంది. ఆ వయసులో చెవి తోటివాడి వైపే ఉంటుంది మరి. 1950లో అమెరికాలోని న్యూజెర్సీలో, హైఫీల్డ్స్ అనే ఇంట్లో ఇరవై మంది కుర్రాళ్లతో ఈ పద్ధతిని నడిపారు.

ఇందులో ప్రమాదమూ ఉంది. సరిగ్గా నడపకపోతే పిల్లలు ఒకరి దగ్గర ఒకరు చెడు నేర్చుకుంటారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ డిషియన్ బృందం 1999లోనే హెచ్చరించింది. శిక్షణ ఇచ్చి నడిపితే ఫలితం వేరు. షికాగోలోని కుక్ కౌంటీ నిర్బంధ కేంద్రంలో మానసిక నిపుణులు కాదు, అక్కడి సిబ్బందే నేర్చుకుని సెషన్లు నడిపారు. పిల్లలు మళ్లీ అదే కేంద్రానికి రావడం 21 శాతం తగ్గిందని 2017లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

మన దగ్గర మలుపు 2015 డిసెంబర్‌లో వచ్చింది. 2012 డిసెంబర్ 16 ఢిల్లీ నిర్భయ ఘటనలో మైనర్‌కు పడింది మూడేళ్లే. 2015 డిసెంబర్ 20న అతను విడుదలయ్యాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ రోజు ఇండియా గేట్ దగ్గర నిరసనకు దిగారు. ఇంత ఘోరానికి మూడేళ్లేనా అన్న వాళ్ల ప్రశ్నకు దేశం దగ్గర జవాబు లేదు. పదహారు దాటినవాళ్లను ఘోర నేరాల్లో పెద్దల్లా విచారించే వీలిచ్చే కొత్త బిల్లును రెండు రోజుల్లో రాజ్యసభ ఆమోదించింది. వయసు తగ్గించవద్దని, ఢిల్లీ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో చెప్పింది. 18 ఏళ్ల పరిమితిని అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ రెండూ పక్కకు పోయాయి.

కొత్త చట్టంలో గ్రూప్ కౌన్సెలింగ్ పోలేదు, సెక్షన్ 18లో అలాగే ఉంది. దాన్ని దెబ్బతీసింది సెక్షన్ 15. పదహారు దాటినవాళ్లు ఘోర నేరాల్లో నిందితులైతే, బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక అంచనా వేయాలి. నేరం చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడన్న ఆరోపణ ఉంది? జవాబును బట్టి కేసు పెద్దల విచారణకు వెళ్లవచ్చు. ఇక కేసు తేలేదాకా ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్న కుర్రాడు పదిమందిలో "ఆ రోజు నేను..." అని మొదలుపెడతాడా? నోరు జారితే కేసు మీదికి వస్తుందన్న భయం అతనికి ఉండదా? ఇంట్లోవాళ్లు, లాయరు చెప్పేది ఒకటే: ఏమీ మాట్లాడకు. మనసు విప్పడమే మందైన చోట మౌనమే రక్షణ అయిపోయింది. నా దృష్టిలో అసలు విషాదం ఇదే.

హైదరాబాద్‌లో 2022 మే నాటి జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లలో నలుగుర్ని మేజర్లుగా విచారించాలని సెప్టెంబర్‌లో బోర్డు చెప్పింది. అంతకు ముందు జూలైలోనే, గురుగ్రామ్ స్కూల్ హత్య కేసులో, సుప్రీంకోర్టు ఒక గట్టి మాట చెప్పింది. బోర్డులో పిల్లల మనస్తత్వ నిపుణులు లేకపోతే, ప్రాథమిక అంచనాకు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అంది. మంచి తీర్పు. కానీ అది కుర్రాణ్ని కొలవడం వరకే. రోజూ హోమ్‌లో వాళ్లతో కూర్చోవడం గురించి నియమాల్లో ఉన్నది, శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి లేదా బయటి సంస్థలతో ఏర్పాటు చేసుకోవాలి అని.

పెద్దల విచారణలో దోషి అని తేలినా 21 ఏళ్లు నిండేదాకా అతను జైల్లో ఉండడు, ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అనే విడి కేంద్రంలో ఉంటాడు. అక్కడ కౌన్సెలింగ్, ప్రవర్తన మార్చే చికిత్స ఇవ్వాలని సెక్షన్ 19 చెబుతుంది. 21 నిండాక శిక్ష ఇంకా మిగిలి ఉంటే, అతను మారాడా లేదా అని సెక్షన్ 20 కింద చిల్డ్రన్స్ కోర్టు చూస్తుంది. మారాడనుకుంటే విడుదల, లేదంటే మిగతా కాలం జైలు. ఆ రోజు, అతని నడతపై నివేదిక ఇచ్చే ప్రొబేషన్ ఆఫీసర్ చేతిలోని ఫైల్లో, ఇన్నేళ్లలో ఆ కుర్రాడితో ఎవరు కూర్చున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు అన్న పేజీ ఉండాలి.