పీఠం గెలిచిన తర్వాత: వేల్స్ యువ రచయితల బహుమతుల వెనుక నూరేళ్ళ కథ

1969 మే నెలాఖరున వేల్స్ పశ్చిమ తీరంలోని ఆబరిస్ట్‌విత్ పట్టణంలో ఇర్ద్ ఐస్తెద్‌వొడ్ జరిగింది. ఐస్తెద్‌వొడ్ అంటే వెల్ష్ భాషలో కవిత్వానికీ, పాటకూ, నాటకానికీ పోటీలు పెట్టే ఉత్సవం. ఇర్ద్ ఆ భాషలో పనిచేసే బాలల, యువజనుల సంఘం. మరో నెల తిరిగేసరికి, జులై 1న, కైర్నార్వన్ కోటలో బ్రిటన్ రాణి పెద్ద కొడుకు చార్లెస్‌కు వేల్స్ యువరాజుగా పట్టాభిషేకం జరగవలసి ఉంది. అందుకు సన్నాహంగా ఆయన కొన్ని వారాలుగా ఆబరిస్ట్‌విత్ కళాశాలలోనే వెల్ష్ నేర్చుకుంటున్నారు. ఉత్సవ వేదిక మీద ఆయన వెల్ష్‌లో ప్రసంగించడానికి లేచినప్పుడు సభలో ఉన్న కొందరు యువతీయువకులు నిరసనగా లేచి బయటికి వెళ్ళిపోయారు. అదే ఉత్సవంలో కవిత్వ పీఠం, అంటే కవికి బహుమతిగా ఇచ్చే కుర్చీ, గెలుచుకున్న 24 ఏళ్ళ గెరాల్ట్ లాయిడ్ ఓవెన్, ఆ పట్టాభిషేకం తన జాతికి అవమానమని తన కవితల్లో నేరుగా చెప్పాడు. 1282లో ఇంగ్లండు సైనికుల చేతిలో హతుడైన రాజు లివెలిన్‌ను పేరు పెట్టి పిలిచి మరీ చెప్పాడు.

యువరాజు మాట్లాడిన ఉత్సవమే ఆయన పట్టాభిషేకాన్ని తిరస్కరించిన కవికి పీఠం ఇచ్చింది. పాతికేళ్ళు నిండని రచయితలకు వేల్స్ ఇచ్చే బహుమతుల విలువ ఏమిటో అర్థం కావాలంటే ఈ సంఘటన దగ్గర కాసేపు ఆగాలి. 2050 నాటికి వెల్ష్ మాట్లాడేవారి సంఖ్యను పది లక్షలకు చేర్చాలని అక్కడి ప్రభుత్వం 2017లో లక్ష్యం పెట్టుకుంది. 2021 జనాభా లెక్కల్లో తేలిన సంఖ్య సుమారు 5,38,000, అంటే నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. భాష మాట్లాడేవారిని లెక్కపెట్టడం తేలికే. ఆ భాషలో రాసేవారు ఎలా తయారవుతారు, తొలి బహుమతి తర్వాత వారు ఏమవుతారు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు జనాభా లెక్కల్లో దొరకదు, చరిత్రలో వెతకాలి.

కవికి కుర్చీ బహూకరించే ఆచారం అక్కడ చాలా పాతది. 1176లో అబర్‌టైవి కోటలో రీస్ అనే ప్రభువు కవులకూ సంగీతకారులకూ పోటీలు పెట్టి, గెలిచినవారికి చెరొక పీఠం ఇచ్చాడు. ఈనాటి రూపంలో జాతీయ ఐస్తెద్‌వొడ్ 1861లో ఆబర్‌డేర్‌లో మొదలైంది. అక్కడ పీఠం దక్కాలంటే కంగ్‌హానెద్ అనే కట్టుబాటుతో దీర్ఘకవిత రాయాలి. పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులు రెండో సగంలో అదే వరుసలో మళ్ళీ రావడం, పాదం లోపలే ప్రాస కుదరడం వంటి నియమాలు అందులో ఉంటాయి. యతిప్రాసలతో చెయ్యి తిరిగిన తెలుగు పద్యకవికి ఈ కష్టమూ, ఇందులోని ఆనందమూ వివరించి చెప్పనక్కర్లేదు. పోటీదారులందరూ కలంపేర్లతోనే రచనలు పంపుతారు. తీర్పు చదివాక వేదిక మీద నుంచి ఆ కలంపేరు పిలుస్తారు. అప్పుడు వేలమంది కూర్చున్న సభలో ఎక్కడో ఒక మనిషి లేచి నిలబడతాడు.

1917 సెప్టెంబరు 6న బర్కెన్‌హెడ్‌లో ఆ పిలుపుకు ఎవరూ లేవలేదు. గెలిచిన కవి ట్రౌస్‌వనిద్ గ్రామపు గొర్రెల కాపరి ఎల్లిస్ హంఫ్రీ ఎవాన్స్. సాహిత్యలోకంలో ఆయన పేరు హెద్ విన్. 20 ఏళ్ళ వయసులో బాలా పట్టణంలో తొలి పీఠం గెలిచి, ఆపైన చిన్న ఉత్సవాల్లో మరికొన్ని పీఠాలు సంపాదించి, జాతీయ పీఠం కోసం కవిత పంపిన కొద్ది రోజులకే, జులై 31న, బెల్జియంలోని పిల్కెమ్ గుట్ట దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 30. ఖాళీ పీఠం మీద నల్లగుడ్డ కప్పారు. బెల్జియం నుంచి శరణార్థిగా వచ్చిన ఒక శిల్పి చెక్కిన ఆ కుర్చీ ఈనాటికీ కవి పెరిగిన ఇంట్లో, ఆయన గెలిచిన ఇతర పీఠాల పక్కన ఉంది. యువ విజేతలు తర్వాత సాధించినవాటి గురించి రాసేటప్పుడు, ఆ ‘తర్వాత’ అనేదే దక్కని ఈ మనిషిని వదిలేసి ముందుకు పోవడం నాకు న్యాయంగా తోచదు.

యుద్ధం ముగిసిన మూడేళ్ళకు, 1922 జనవరిలో, ఇవాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ అనే ఉపాధ్యాయుడు తాను నడుపుతున్న పిల్లల పత్రికలో ఒక పిలుపు ప్రచురించాడు. ఆటల్లోనూ బళ్ళోనూ ఇంగ్లీషే వినబడుతున్న రోజుల్లో, వెల్ష్‌లో ఆడుకుని వెల్ష్‌లో చదువుకునే పిల్లల సంఘం ఒకటి కావాలన్నది దాని సారాంశం. ఆయన తండ్రి ఓ. ఎం. ఎడ్వర్డ్స్ చిన్నప్పుడు లాన్యూఖ్‌లిన్ బడిలో, వెల్ష్ మాట్లాడాడన్న నేరానికి, మెడలో చెక్కముక్క వేలాడదీయించుకున్నవాడు. తండ్రి మెడకు చెక్కముక్క తగిలించిన భాషకు కొడుకు చెక్క కుర్చీ చేయించాడని చెప్పుకోవచ్చు. 1929లో కోర్వెన్‌లో ఇర్ద్ తొలి ఐస్తెద్‌వొడ్ జరిగింది. పదేళ్ళకు ఆయనే ఆబరిస్ట్‌విత్‌లో ఏడుగురు పిల్లలతో తొలి వెల్ష్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల తెరిచాడు. క్రమంగా ఇర్ద్ ఉత్సవంలో కవిత్వానికి పీఠం, వచనానికి కిరీటం, నాటకానికి పతకం ముఖ్య బహుమతులయ్యాయి. ఇవన్నీ పాతికేళ్ళ లోపువారికే. పోటీలు మొదట స్థానికంగా, తర్వాత ప్రాంతీయంగా జరిగి జాతీయ వేదిక దాకా వస్తాయి కాబట్టి, ఆ వయసుకు చేరేలోగా ఒక పిల్లవాడు ఎన్నోసార్లు జనం ముందు నిలబడి ఉంటాడు.

గెరాల్ట్ ఈ వరుసలోనే పెరిగాడు. 1944లో పుట్టి, బాలా సమీపంలోని సర్నై గ్రామంలో పెరిగిన ఆయన ఇర్ద్ పీఠాన్ని మూడుసార్లు గెలిచాడు. ఆయన యౌవనమంతా వెల్ష్ సమాజానికి గడ్డుకాలం. 1911లో జనాభాలో 43 శాతానికి పైగా ఉన్న వెల్ష్ భాషీయులు 1961 నాటికి 26 శాతానికి తగ్గారు. ఈ భాషకు మిగిలిన ఆయుష్షు ఎంత అని 1962 ఫిబ్రవరిలో వెల్ష్ నాటక రచయిత సాండర్స్ లూయిస్ రేడియోలో ప్రశ్నించాక, అదే ఏడు వెల్ష్ భాషా సంఘం ఏర్పడింది. 1965లో లివర్‌పూల్ నగరానికి మంచినీళ్ళ కోసం కపెల్ కెలిన్ అనే ఊరు జలాశయంలో మునిగిపోయింది. ఆ ఊరు ఉన్నది కూడా బాలా పరిసరాల్లోనే. 1969 కవితల్లోని ఆగ్రహం ఒక్క పట్టాభిషేకం వల్ల పుట్టింది కాదు.

ఆ కవితలతో కూడిన సంపుటి 1972లో ‘అవమాన గీతాలు’ అన్న అర్థం వచ్చే పేరుతో వెలువడింది. 1975లో ఆయన జాతీయ పీఠం గెలిచాడు. 1982లో, లివెలిన్ చనిపోయి సరిగ్గా ఏడు వందల ఏళ్ళు నిండిన సంవత్సరంలో, ఆ రాజు నేలకొరిగిన కిల్‌మెరి అనే చోటు పేరుతోనే దీర్ఘకవిత రాసి స్వాన్‌సీలో రెండోసారి గెలిచాడు. పదమూడేళ్ళు మనసులో మోసిన వస్తువు అప్పటికి పూర్తి రూపం దాల్చింది. ఇర్ద్ పీఠం లేకపోయినా ఆయన కవి అయ్యేవాడే, అందులో సందేహం లేదు. అయితే 24 ఏళ్ళకే ఆ మాట అనగలిగిన వేదికా, విని ఒక పక్షం వహించిన శ్రోతలూ లేకపోతే ఆ కవిత్వం అంత సూటిగా వచ్చేది కాదని నా నమ్మకం.

అయినా ఆయన సాధించినవాటిలో నేను అన్నిటికంటే పెద్దదిగా చూసేది ఆ రెండు పీఠాలను కాదు, బీబీసీ వెల్ష్ రేడియోలో 1979 నుంచి 2011 దాకా ఆయన నిర్ణేతగా నడిపిన కవుల పోటీని. ఊళ్ళ సమావేశ మందిరాల్లో రికార్డు చేసే ఈ కార్యక్రమంలో రైతులూ, ఉపాధ్యాయులూ, గుమాస్తాలూ జట్లుగా పాల్గొంటారు. ఇచ్చిన పాదాన్ని పూరించడం మన సమస్యాపూరణానికి దగ్గరగా ఉంటుంది. ఆపైన హాస్యపద్యం, నాలుగు పాదాల ఛందోబద్ధ పద్యం, పొడుగు కవిత ఉంటాయి. నిర్ణేత ఒక్కొక్కదాన్నీ విని, తప్పెక్కడో ఒప్పెక్కడో అందరి ముందూ చెప్పి, పదికి ఎనిమిదిన్నరో తొమ్మిదో మార్కులు వేస్తాడు. ముప్ఫై రెండేళ్ళపాటు ఒక కవి ఒక దేశపు పద్యవిద్యకు ఊరూరా గురువుగా ఉండడం మామూలు విషయం కాదు. 2014లో ఆయన చనిపోయే నాటికే కెరీ విన్ జోన్స్ ఆ నిర్ణేత స్థానంలో కూర్చుని కార్యక్రమాన్ని కొనసాగిస్తున్నాడు.

ఇంగ్లీషులో రాసే వేల్స్ రచయితలకు ఇలాంటి నిచ్చెన చాలాకాలం లేదు. స్వాన్‌సీలో పుట్టిన డిలన్ థామస్ తల్లిదండ్రులిద్దరికీ వెల్ష్ వచ్చినా, ఇంగ్లీషు మాస్టారైన తండ్రి కొడుక్కి ఆ భాష నేర్పించలేదు. అందుచేత ఐస్తెద్‌వొడ్ దారి అతనికి పుట్టుకతోనే మూసుకుపోయింది. 1934లో అతని తొలి గుర్తింపు ‘సండే రెఫరీ’ అనే లండన్ వారపత్రిక కవితా శీర్షిక నుంచి వచ్చింది. ఆ పత్రిక బహుమతిగా సంపుటి ప్రచురణకు పూనుకోవడంతో, 20 ఏళ్ళకే అతని మొదటి పుస్తకం వెలువడింది. 1953లో 39 ఏళ్ళకు న్యూయార్క్‌లో మరణించేలోగా ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు కవుల్లో బహుశా ఎక్కువమంది గొంతెత్తి చదువుకున్న కవి అయ్యాడు.

అతని పేరు మీద యువ రచయితలకు ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం 2006లో 60,000 పౌండ్లతో మొదలైనప్పుడు, దాన్ని గెలిచింది రోంద లోయలోని కూమ్‌పార్క్‌లో పుట్టిన రేచల్ ట్రెజీస్. మూతపడిన బొగ్గుగనుల మధ్య పెరిగిన కుర్రకారు జీవితమే ఆమెకు ఆ పురస్కారం తెచ్చిన కథల సంపుటికి వస్తువు. ఆ తర్వాత ఆమె నవలలూ మరో కథల సంపుటీ రాసింది. 2013లో ట్రియోర్కి రంగస్థలం కోసం రాసిన నాటకంతో నాటక రచనలోకి వచ్చింది. 2017లో పోర్ట్ టాల్బట్ ఉక్కు కార్మికుల పోరాటం మీద, ఆ మరుసటి ఏడు గర్భస్రావం కోసం ఉత్తర ఐర్లండ్ నుంచి వేల్స్‌కు రావలసివచ్చిన అమ్మాయి మీద నాటకాలు రాసింది. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజు చుట్టూ అల్లిన నవల 2021లో వచ్చింది. అంత సొమ్ము చేతికొచ్చిన రచయిత్రి మళ్ళీ మళ్ళీ తన లోయ మనుషుల దగ్గరికే రావడం గమనించదగ్గది. తర్వాతి సంవత్సరాల్లో ఆ పురస్కారం ఎక్కువగా ఇతర దేశాల రచయితలకు వెళ్ళింది. అది ప్రపంచమంతటికీ తెరిచిన పోటీ గనుక అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

స్థానిక యువతకు ఆ లోటు తీర్చినవి చిన్న బహుమతులే. నీత్ ప్రాంత కవి టెర్రీ హెదరింగ్టన్ 2007లో మరణించాక ఆయన జ్ఞాపకార్థం మొదలైన పురస్కారం అలాంటిది. వేల్స్‌లో పుట్టిన లేదా నివసిస్తున్న యువ రచయితలకు ఇచ్చే ఈ పురస్కారంతోపాటు, వారి రచనలతో సంకలనం కూడా వెలువడుతుంది. 2010లో దాన్ని గెలిచిన జొనాథన్ ఎడ్వర్డ్స్, బడిలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూనే తన తొలి సంపుటి పూర్తిచేసి, 2014 కోస్టా కవిత్వ పురస్కారం అందుకున్నాడు.

వెల్ష్‌లో తొలి గుర్తింపు పొంది బయటి లోకానికి చేరిన వారిలో మానన్ స్టెఫాన్ రోస్ ప్రయాణం మరింత దూరం సాగింది. 1983లో పుట్టిన ఆమె ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో, 2005లోనూ 2006లోనూ వరుసగా, జాతీయ ఐస్తెద్‌వొడ్ నాటక పతకం గెలిచింది. పెద్దలతో సమానంగా పోటీపడి సాధించినవి అవి. ఆమె 2018లో వచన పతకం గెలిచిన చిన్న నవలలో, మహావిపత్తు తర్వాత కరెంటూ మనుషులూ లేని కొండ ఊళ్ళో తల్లీ కొడుకూ ఒకే నోటుపుస్తకంలో వంతులవారీగా రాసుకుంటారు. ఒకరు రాసింది మరొకరు చదవకూడదన్నది వారి ఒప్పందం. ఆమే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించుకుంది. బాలల, కిశోరుల పుస్తకాలకు బ్రిటన్‌లో 1936 నుంచి ఇస్తున్న కార్నెగీ పతకం 2023లో ఆ పుస్తకానికి దక్కింది. అనువాద గ్రంథానికి ఆ పతకం రావడం అదే మొదటిసారి.

అంతకు ముందు ఏడాది, కోవిడ్ వల్ల రెండేళ్ళు వాయిదాపడిన జాతీయ ఐస్తెద్‌వొడ్ ట్రెగారన్‌లో జరిగింది. కలంపేరు పిలిచినప్పుడు లేచి నిలబడి పీఠం అందుకున్న లిర్ గ్విన్ లూయిస్, విద్యార్థి దశలోనే ఇర్ద్ పీఠం గెలిచినవాడు. యుద్ధాలూ జ్ఞాపకాలూ వస్తువుగా ఆయన రాసిన వచన గ్రంథానికి 2015లోనే వేల్స్ ఉత్తమ గ్రంథ పురస్కారాల్లో ఒకటి దక్కింది.