బేస్ పట్టిన పిల్లలకు

అమలాపురంలో బేస్ గిటార్ నేర్చుకుంటున్న మా పిల్లలకు,

స్లాప్, అంటే తీగని బొటనవేలితో కొట్టి వాయించే పద్ధతి, ఎలా వాయించాలో రాయమన్నారు. రాస్తాను, కానీ చివర్లో. ముందు అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. బేస్‌లో నోటు, అంటే స్వరం, పలికించడం తొందరగానే వచ్చేస్తుంది. దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ల టెక్నిక్‌లో సగం ఈ ఆపడం కోసమే.

నాలుగు తీగలు ఈ (E), ఏ (A), డి (D), జి (G). వాటిలో అన్నిటికన్నా లావుది ఈ (E). దాన్ని ఖాళీగా మీటితే సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం గాలిలో 8 మీటర్లకు పైనే పొడవుంటుంది. మీరు వాయించే చర్చి హాల్లో గోడల మధ్య అంత లోతు శబ్దం ఓ పట్టాన చావదు, మూలల్లో పోగుపడి హోరెత్తుతుంది. పాటలో మాటలు అందులో కొట్టుకుపోతాయి. అదే పండగకి కొబ్బరితోటలో ఆరుబయట స్టేజీ కడితే ఆపడానికి గోడలు లేవు, అదే నోటు పలచబడిపోతుంది. అందుకని హాల్లో నోటు పొట్టిగా, ఆరుబయట నిండుగా వాయించాలి. నోటు పొడవు తేల్చేది మీ రెండు చేతులే, యాంప్ మీది బటన్లు కాదు.

కుడిచేత్తో మొదలుపెడదాం. చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటండి. మీటిన వేలు గాల్లోకి లేవకూడదు. పైనున్న లావు తీగ మీదికి వచ్చి ఆగాలి. అలా ఆగితే ఆ తీగ నోరు కూడా మూసుకుంటుంది. బొటనవేలు మొదట పికప్ (తీగల కింద వాటి కంపనాన్ని పట్టే పరికరం) మీద ఆనించండి. డి, జి తీగల మీదికి వెళ్లినప్పుడు బొటనవేలిని ఈ (E) తీగ మీదికో, ఏ (A) తీగ మీదికో దించండి, మీరు వాడని తీగలు ఊరికే మోగకుండా ఉంటాయి. సన్న తీగ నుంచి లావు తీగకి వచ్చేటప్పుడు మాత్రం వేలు మార్చక్కర్లేదు. అదే వేలితో లాగేయొచ్చు.

రెండు వేళ్లే వాడాలన్న శాసనం ఏమీ లేదు. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితోనే అంతా నడిపించాడు. అక్కడి మరో బేస్ కళాకారిణి కెరోల్ కే ప్లెక్ట్రమ్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) వాయించింది. ఇద్దరి నోట్లూ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేవి.

ఇప్పుడు ఎడమచెయ్యి. ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకి) ఆనుకుని, కాస్త వెనకగా నొక్కండి, తక్కువ బలం సరిపోతుంది. మామూలు బేస్ మీద తీగ పొడవు 34 అంగుళాలు. మొదటి ఫ్రెట్ గది ఒక్కటే దాదాపు 2 అంగుళాల వెడల్పు ఉంటుంది. ఫ్రెట్‌కో వేలు చొప్పున చాచమని వీడియోల్లో చెబుతారు. మీ చేతులకి అది నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వదు. మొదటి ఫ్రెట్ల దగ్గర చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు వాడి మూడు ఫ్రెట్లే పట్టండి. ఉంగరంవేలు చిటికెనవేలికి తోడుగా నొక్కుతుంది. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ వాళ్ల పద్ధతి ఇది. ముంజేతిలో నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయండి.

నోటు ఆపాలంటే వేలు ఎత్తేయకండి. ఎత్తితే ఖాళీ తీగ మోగుతుంది. నొక్కుడు మాత్రం వదిలి, వేళ్లు తీగకి ఆనించి ఉంచండి. ఒక్క వేలు చాలదు. అయిదు, ఏడు, పన్నెండు ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలు ఆనితే హార్మోనిక్ అనే సన్నని పైస్వరం ఈల వేసినట్టు పలుకుతుంది, రెండు మూడు వేళ్లు పరచాలి. మన పెళ్లిళ్లలో డోలు వాయించేవాళ్లు చర్మం మీద చెయ్యి అదిమి నాదాన్ని ఎలా తుంచుతారో దగ్గర నిలబడి చూడండి. అలా అదిమిన తీగనే మీటితే స్వరం లేని 'టక్' మాత్రం వస్తుంది. దాన్నే ఘోస్ట్ నోట్ అంటారు.

సాధన ఇలా చెయ్యండి. మెట్రోనోమ్ (తాళం టక్కుటక్కుమని చెప్పే యంత్రం) నిమిషానికి 60 మీద పెట్టి నాలుగు లెక్కపెట్టండి. ఒకటి మీద నోటు, సరిగ్గా మూడు మీద నిశ్శబ్దం. అది కుదిరాక రెండు మీద ఆపండి, తర్వాత నాలుగు మీద. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వాయిస్తున్నప్పుడు వినపడని నోట్ల తోకలన్నీ అందులో వినపడతాయి. విసుగ్గా ఉంటుందని తెలుసు. అయినా రోజూ పాటల కన్నా ముందు ఇదే చెయ్యండి.

ఇక మీరడిగిన స్లాప్. దీన్ని జనంలోకి తెచ్చినవాడు అమెరికా బేస్ వాద్యకారుడు లారీ గ్రాహమ్. వాళ్లమ్మతో కలిసి క్లబ్బుల్లో వాయించే రోజుల్లో డ్రమ్మర్ లేకపోయేసరికి, బొటనవేలి దెబ్బతో కిక్ డ్రమ్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), వేలితో తీగ లాగి వదిలి స్నేర్‌ని (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) పలికించాడు. బొటనవేలి కణుపు ఆఖరి ఫ్రెట్ల దగ్గర తీగకి తగిలి వెంటనే వెనక్కి రావాలి. బలం మణికట్టు తిప్పడంలోంచి వస్తుంది, మోచేతిలోంచి కాదు. ఇందులో అన్ని తీగలూ అదురుతాయి, ఎడమచెయ్యి వాటిని పట్టుకోకపోతే అంతా గోలే. అందుకే దీన్ని చివర పెట్టాను.

మన గాలిలో తడి ఎక్కువ కాబట్టి వాయించిన ప్రతిసారీ తీగలు పొడిగుడ్డతో తుడవండి. వానాకాలంలో మెడ వంగి తీగలు ఎత్తుగా అనిపిస్తే ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) మీరు తిప్పొద్దు. సెలవులకి రాజమండ్రి వచ్చేటప్పుడు గిటార్లు తెచ్చుకోండి, నేను చూస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య