బడికి రచయిత వస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను పిల్లల కోసం కథలు రాస్తాను. పుస్తకం అచ్చయ్యాక ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి, దాన్ని చదివిన పిల్లలతో కూర్చోవడం కూడా నా పనిలో భాగమే అనుకుంటాను. ప్రభుత్వ బడులకు వెళతాను, ఊళ్లోని చిన్న ప్రైవేటు బడులకు వెళతాను, గిరిజన ఆశ్రమ పాఠశాలలకు వెళతాను. ఎక్కడికి వెళ్లినా హెడ్మాస్టర్లు, టీచర్లు, తల్లిదండ్రులు, ఒక్కోసారి తోటి రచయితలు కూడా కొన్ని మాటలు అంటుంటారు. చెడ్డ ఉద్దేశంతో ఎవరూ అనరు. కానీ ఆ నమ్మకాల వల్ల పిల్లలకు అందాల్సింది అందకుండా పోతోంది.

అపోహ: పుస్తకం ముందే చదివేస్తే, రచయిత వచ్చిన రోజు పిల్లలకు ఆసక్తి ఉండదు.

"మీరొచ్చి చెబుతారు కదా మేడమ్, అప్పుడే వింటార్లెండి" అంటారు. జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పుస్తకం చదవని తరగతిలోకి వెళితే నేనెవరో పిల్లలకు తెలీదు. తనిఖీకి వచ్చిన అధికారి అనుకుంటారు. లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అని సాగదీస్తారు, చేతులు కట్టుకుంటారు. ఏమైనా అడగండర్రా అంటే తలలు దించుకుంటారు.

చదివిన తరగతిలో నేను కూర్చోకముందే మొదలుపెడతారు. సంతలో తప్పిపోయిన మేకపిల్ల కథ ఒకటి రాశాను. శ్రీకాకుళం వైపు ఒక బడిలో రెండో తరగతి పాప నా చెయ్యి పట్టుకుని "మేకపిల్ల తప్పిపోతే వాళ్లమ్మ ఎటెల్లిపోనాది?" అని నిలదీసింది. కథలో తల్లిమేక చివరి పేజీ దాకా కనబడదు. ఆ పాప పుస్తకం మూసేశాక కూడా ఆ తల్లి గురించే ఆలోచిస్తూ ఉందన్నమాట. ఇలాంటి ప్రశ్న చదవని పిల్ల నోట రాదు.

కథ తెలిసిపోతే చిన్నపిల్లలకు నష్టమేమీ లేదు. ఏడు చేపల కథ ఎన్నిసార్లు చెప్పినా "చీమా చీమా ఎందుకు కుట్టావు" దగ్గరికి వచ్చేసరికి మనకంటే ముందే అందుకుంటారు. ఏం జరుగుతుందో తెలిసి ఎదురుచూడటమే వాళ్లకు ఇష్టం.

అందుకే నన్ను పిలిచే బళ్లకు మొదట చెప్పేది ఇదే: నేను రావడానికి కనీసం 2 వారాల ముందు పుస్తకం రావాలి. తరగతికి ఐదారు కాపీలుంటే చాలు. టీచర్ ఒకసారి పైకి చదివి వినిపించి, తర్వాత పిల్లల మధ్య వదిలేయాలి. అది నా పుస్తకమే కానక్కర్లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థల చిన్న పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. టీవీ ఉన్న బడి అయితే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా తెరమీద చదివించొచ్చు. పుస్తకం ముందు వెళ్లలేదని తెలిస్తే నేను తేదీ వాయిదా వేయమంటాను. కొందరు నొచ్చుకుంటారు. అయినా అడుగుతాను.

అపోహ: రచయిత వస్తున్నారంటే సభ పెట్టాలి.

వేదిక, మైకు, శాలువా, పూలదండ, ముగ్గురు నలుగురు పెద్దల ప్రసంగాలు. ఈలోగా ఒకటో తరగతి పిల్లలు ఎండలో గంటసేపు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. నా వంతు వచ్చేసరికి సగంమంది కునికిపాట్లు పడుతుంటారు, మిగతావాళ్లకు బాత్రూమ్ టెన్షన్. ఆరేడేళ్ల పిల్లలు ఒక విషయం మీద మనసు పెట్టగలిగేది 20, 25 నిమిషాలు. ఆ విలువైన సమయమంతా శాలువాకే పోతుంది.

కావాల్సింది ఒక గది, నేలమీద ఒక పట్టా, ఒకసారికి ఒక తరగతి. 1, 2 తరగతులకు అరగంట. 3, 4, 5 తరగతులకు ఒక పీరియడ్. ఒకే టీచర్ ఉన్న బడిలో ఐదు తరగతులూ కలిసే కూర్చుంటాయి కాబట్టి అక్కడ పెద్దపిల్లల పక్కన చిన్నపిల్లల్ని జతగా కూర్చోబెడతాను. టీచర్ గారు కూడా మాతోపాటు నేలమీదే కూర్చుంటే, పిల్లలు నోరు విప్పడానికి అది చేసే మేలు ఇంతా అంతా కాదు.

అపోహ: చదవడమే రాని పిల్లలకు రచయితతో పనేముంది?

ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతమే. చదవలేని పిల్లల్ని పక్కన పెడితే తరగతిలో సగంమందిని పక్కన పెట్టినట్టే. మా కార్యక్రమానికి "బాగా చదివే పిల్లల్ని" మాత్రమే ఏరి కూర్చోబెట్టిన బడులు కూడా చూశాను.

ఒకచోట మూడో తరగతి గదిలో వెనక వరసలో ఒక బాబు ఉన్నాడు. "వాడికి చదవడం రాదు మేడమ్" అని టీచర్ వాడి ముందే అన్నారు. మేకపిల్ల పుస్తకంలోని బొమ్మ చూపించి, ఏం జరుగుతోందో చెప్పమన్నాను. వాడు బొమ్మను కాసేపు పరీక్షగా చూశాడు. "గడ్డి ఏస్తే తినదు. తుమ్మకాయలు ఏస్తే ఉరికొస్తది" అన్నాడు. వాళ్లింట్లో మేకలున్నాయట. ఆ మాటల్ని వాడు అన్నది అన్నట్టుగానే బోర్డు మీద రాసి, ఇవి ఎవరి మాటలు అని అడిగాను. "నాయే" అన్నాడు. చదువు మరి అంటే లేచి వచ్చి, ఒక్కో పదం కింద వేలు పెట్టుకుంటూ వెళ్లాడు. "తుమ్మకాయలు" దగ్గర ఆగిపోయాడు. మకు కింద మ ఒత్తు. పక్కనున్న పిల్ల "అమ్మలో ఉండేదే రా" అంది. వాడు పూర్తిచేశాడు.

పిల్లలు చెప్పింది రాసి, వాళ్లచేతే చదివించడం టీచర్లకు తెలియని పద్ధతేమీ కాదు. సిలబస్ వెంట పరుగెత్తే రోజుల్లో తీరిక దొరకదు, అంతే. ఒక్క రోజులో ఎవరికీ చదవడం వచ్చేయదు. ఆ పని ఏడాది పొడుగునా ఆ టీచర్ చేయాల్సిందే. నేను చేయగలిగింది, పుస్తకంలో ఉండేవి నీలాంటివాళ్లు అన్న మాటలే అని ఆ పిల్లవాడికి కళ్లెదుట చూపించడం.

అపోహ: కథ చివర నీతి చెప్పించకపోతే ప్రయోజనం లేదు.

కథ అవగానే టీచర్ "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడుగుతారు. పిల్లలు "ఐకమత్యమే మహాబలం!" అని ఒక్క గొంతుతో అరుస్తారు. కథలో ఐకమత్యం ఊసే ఉండదు. అది బడిలో చప్పట్లు తెచ్చే జవాబని పిల్లలకు బాగా తెలుసు.

మన దగ్గర ఈ అలవాటుకు పాత వేళ్లున్నాయి. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక తరతరాల పాటు పాఠ్యపుస్తకంగా నడిచింది. కథంటే నీతి చెప్పేదే అని మనకు అక్కడినుంచి బాగా నాటుకుంది. ఆ కథలు గొప్పవే. కానీ నీతి అడగ్గానే పిల్లవాడి ఆలోచన ఆగిపోతుంది, సరైన జవాబు కోసం వెతుకులాట మొదలవుతుంది. నేను అడిగేవి వేరు: నీకు ఎక్కడ భయమేసింది? ఎవరి మీద కోపం వచ్చింది? ఆ మేకపిల్ల నీ దగ్గరికొస్తే ఏం చేస్తావు? ఈ ప్రశ్నలకు ఒక తరగతిలో ముప్పై మంది ఉంటే ముప్పై జవాబులు వస్తాయి, ఏ ఒక్కటీ తప్పు కాదు.

అపోహ: చిన్నపిల్లలు అడిగేవి చిన్న ప్రశ్నలే.

"ఈ బొమ్మలు మీరే ఏసిండ్రా?" తెలంగాణ బడుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. కాదు, బొమ్మలు వేసేది వేరే మనిషి అంటే ఆశ్చర్యపోతారు. "మరి మేకపిల్ల చెవి మీద మచ్చ ఉందని ఆయనకెట్ల తెలుసు?" అని వెంటనే ఇంకోటి. మచ్చ నా కథలో లేదు, చిత్రకారుడు తన మనసులోంచి తెచ్చాడు. ఒక పుస్తకంలో ఇద్దరి ఊహలు కలిసి ఉంటాయని పెద్దవాళ్లకు వివరించడం కష్టంగానీ, పిల్లలు ఆ మచ్చ చూసి ఇట్టే పట్టేస్తారు.

"పుస్తకంలో పేజీలు ఎవరు అంటిస్తారు?" అని అడిగితే నాకు పండగే. సంచిలోంచి ఒక పాత న్యూస్‌పేపర్ షీటు తీసి మూడుసార్లు మడతపెడతాను. 8 ఆకులు, 16 పేజీలు. ప్రెస్సువాళ్లు ఫారం అనేది దీన్నే. మడత విప్పకుండా, మూలలు ఎత్తుతూ, పిల్లలచేత స్కెచ్ పెన్నుతో 1 నుంచి 16 దాకా వరసగా అంకెలు వేయిస్తాను. తర్వాత షీటు మొత్తం విప్పుతాం. అంకెలు కొన్ని తలకిందులుగా, వరస తప్పి కనిపిస్తాయి. ఒకవైపు చూస్తే 1 పక్కన 16, 4 పక్కన 13, 5 పక్కన 12, 8 పక్కన 9. ఎవరో ఒకరు కూడి చూసి, ఏ జంట కలిపినా 17 వస్తోందని అరుస్తారు. వెంటనే అందరూ షీటు తిప్పి రెండోవైపు జంటలు కూడటం మొదలుపెడతారు. అక్కడా 17 వస్తుంది. పిల్లల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లోనే ఎందుకుంటాయో ఆ తర్వాత నేను వేరే చెప్పాల్సిన పనిలేదు.

మర్నాటికి వాళ్లు సొంత పుస్తకాలు కుట్టేస్తారు. పిల్లలు రాయలేరు అనేవాళ్లకు ఒక్క మాట: రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లోనే పిల్లల కోసం "బాల" పత్రిక పెట్టారు, పిల్లలచేత రాయించారు. అనంతపురం వైపునుంచి వచ్చిన "కొత్తపల్లి" పత్రికలో బడిపిల్లల కథలు అచ్చయ్యాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో టీచర్లు తమ బడి పిల్లల కథల్ని సంకలనాలుగా వేశారు, కొందరు సొంత జీతం డబ్బులతో.

అపోహ: ఇంగ్లీష్ మీడియం వచ్చాక తెలుగు కథలతో పనిలేదు.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురుగా అదే పాఠం ఇంగ్లీషులో ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. ఆంధ్రలోనూ ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. అంటే తెలిసిన భాష ఊతంతోనే రెండోది వస్తుందని పాఠ్యపుస్తకమే ఒప్పుకుంటోంది. కథకూ అదే వర్తిస్తుంది. ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. ఉట్నూరు వైపు గోండి, కొలామి, సీతంపేట వైపు సవర, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష. అక్కడ నేను కథ తెలుగులో చెబుతుంటే ఆ బడిలోనే ఒక పెద్ద పాపో, ఆయమ్మో వాళ్ల భాషలో అందిస్తుంది. నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది, గట్టిగా వస్తుంది.

అపోహ: రచయితలు పుస్తకాలు అమ్ముకోవడానికే వస్తారు.

తరగతిలో పుస్తకాలు అమ్మకూడదన్నది నా నియమం. కొనగలిగిన పిల్లలు, కొనలేని పిల్లలు అప్పటికప్పుడు రెండుగా విడిపోతారు. వద్దు. బడుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాలకు లైబ్రరీ పుస్తకాల కోసం ఏటా 5,000 రూపాయల దాకా గ్రాంటు నిబంధన ఉంది. అది వచ్చిన ఏడాది పిల్లలు చదవగల బొమ్మల పుస్తకాలే కొనమని అడగండి. పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు ఫ్యాన్లు, బీరువాలు ఇస్తుంటారు. వాళ్లను పుస్తకాలు కూడా అడగొచ్చు.

అలాగని రచయిత ఉచితంగా తిరగాలని కూడా కాదు. కనీసం బస్సు చార్జీలు, భోజనం బడి చూసుకోవాలి. ఫీజులు తీసుకునే ప్రైవేటు బడి అయితే గౌరవంగా పారితోషికం ఇవ్వాలి. డాన్స్ మాస్టారికి ఇస్తున్నారు కదా. పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం పెడతామంటే మాత్రం నాకు అంతకంటే ఏం కావాలి.

అపోహ: పుస్తకాలు పిల్లల చేతికిస్తే చినిగిపోతాయి.

చినుగుతాయి. చదివితే చినుగుతాయి. బీరువాలో తాళం వేసి ఉంచిన పుస్తకాలు చెదలకు పోతాయి. టీచర్ల భయం నాకు అర్థమవుతుంది. స్టాక్ రిజిస్టర్‌లో రాసిన పుస్తకం లెక్క తప్పితే ఎవరికి జవాబు చెప్పాలి? దీనికి హెడ్మాస్టర్లు, పైఅధికారులు కలిసి ఒక దారి చూపించాలి, చదివి పాడైన పుస్తకాన్ని కొట్టివేతగా రాసుకునే ధైర్యం టీచర్‌కు ఇవ్వాలి. ఈలోగా గదిలో పిల్లలకు అందేంత ఎత్తులో ఒక తాడు కట్టి, పుస్తకాల్ని నడిమికి తెరిచి వేలాడేయండి. గమ్‌టేపు, సూదిదారం ఐదో తరగతి పిల్లలకు అప్పగించండి, మరమ్మతు వాళ్లే చేసుకుంటారు.

అపోహ: రచయితను పిలవడానికి నవంబరు 14 సరైన రోజు.

ఆ రోజు పిల్లలు నెహ్రూ వేషాల్లో, డాన్స్ డ్రెస్సుల్లో ఉంటారు. ఆటల పోటీలు, బహుమతులు, ఫొటోలు. పైగా గ్రంథాలయ వారోత్సవాలు కూడా 14 నుంచి 20 దాకానే కాబట్టి అన్ని బడులూ అదే వారం ఫోన్ చేస్తాయి. మిగతా నెలల్లో ఎవరూ పిలవరు. ఫిబ్రవరి చివరినుంచి పరీక్షల హడావిడి, జూన్‌లో ఇంకా అడ్మిషన్లు. ఆగస్టు, సెప్టెంబరు మంచివి. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి ఆఖరు కూడా బాగుంటుంది. ఏ విశేషమూ లేని ఒక గురువారం, ఉదయం ప్రార్థన అవగానే రెండు పీరియడ్లు నాకు ఇవ్వండి. పుస్తకాలు మాత్రం రెండు వారాల ముందే పంపిస్తాను.