గోవా టికెట్టు అడిగేవారికి నా మొదటి ప్రశ్న: ఏ బీచ్?

అమీర్‌పేటలో చిన్న టికెట్ల దుకాణం నాది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. తిరుపతి, షిర్డీ తర్వాత నా దగ్గర ఎక్కువగా వినిపించే పేరు గోవా. "అన్నా, గోవాకు నాలుగు టికెట్లు, ఏది మంచిదో మీరే చెప్పండి" అంటారు. "గోవాలో ఎక్కడికి?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "బీచ్‌కే కదా అన్నా!"

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. గోవా తీరం వంద కిలోమీటర్లకు పైనే ఉంది. ఉత్తరపు కొసన ఆరంబోల్, దక్షిణపు కొసన పాలోలెం. హైదరాబాదు నుంచి ఎలా వెళ్లాలన్నది ఆ బీచ్ పేరు తెలిశాకే తేలుతుంది. కానీ జనం ముందు టికెట్టు కొంటారు, తర్వాత హోటల్ వెతుకుతారు, విమానం దిగాక దూరం తెలుసుకుంటారు.

అపోహ: గోవా చిన్న రాష్ట్రం, ఏ విమానాశ్రయంలో దిగినా ఒకటే.

వాస్కో దగ్గరి దాబోలిం పాత విమానాశ్రయం. నౌకాదళం స్థావరంలోనే పౌర విమానాలూ దిగుతాయి. ఉత్తరాన పెర్నెం తాలూకాలోని మోపా కొత్తది. 2023 జనవరి 5న అక్కడ విమానాలు మొదలయ్యాయి. హైదరాబాదు నుంచి వెతికినప్పుడు రెండూ "గోవా" అనే కనబడతాయి. చివర ఉండే మూడక్షరాల కోడ్‌లో మాత్రమే తేడా. దాన్ని ఎవరూ చూడరు.

మోరజిం, ఆరంబోల్ వెళ్లేవారికి మోపా దగ్గర. కలంగూట్, బాగా వైపు వెళ్లేవారికి రెండింటి దూరమూ ఇంచుమించు సమానమే. కోల్వా, బెనౌలిం, పాలోలెం అయితే దాబోలిం దిగాలి. మోపా నుంచి పాలోలెం దాదాపు వంద కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి ఎగిరి వచ్చినంతసేపు కన్నా ఎక్కువగా కారులో కూర్చోవాలి. ఒకసారి ఒక కుటుంబం మనిషికి కొన్ని వందలు తగ్గిందని తమంతట తామే మోపాకు కొనుక్కున్నారు, దిగాల్సింది పాలోలెంలో. మిగిలిన డబ్బంతా టాక్సీకే పోయింది, పైగా పిల్లలు దారి పొడవునా వాంతులు. తిరిగి వచ్చాక "ముందే చెప్పొచ్చు కదా" అని నన్నే అడిగారు. టికెట్టు నా దగ్గర కొననే లేదని గుర్తు చేయలేదు.

గోవాలో మన ఊళ్లోలాగా ఫోను తీయగానే చౌకగా కారు వస్తుందనుకోవద్దు. అక్కడి టాక్సీ సంఘాల పట్టు గట్టిది, ఛార్జీలూ గట్టివే. ఒక్కరో ఇద్దరో అయితే విమానాశ్రయాల నుంచి నడిచే కదంబ (గోవా ప్రభుత్వ రవాణా సంస్థ) ఏసీ బస్సుల సమయాలు ముందే చూసుకోండి. నలుగురుంటే టాక్సీ భారం పంచుకోవచ్చు.

అపోహ: విమానమైతే గంటన్నరలో గోవా.

గాలిలో ఉండేది గంటంబావు, గంటన్నర. అది నిజమే. మిగతాది కూడా లెక్కవేద్దాం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికి గంటన్నర. రెండు గంటల ముందు అక్కడుండాలి. దిగాక సామాను కోసం అరగంట. హోటల్‌కు గంట నుంచి రెండున్నర గంటలు. వెరసి ఆరేడు గంటలు, ఒక్కోసారి ఎనిమిది. బస్సు పద్నాలుగు గంటలైతే ఆదా అయ్యేది సగమే. ఆ సగం కూడా పగటి పూట నుంచి పోతోందా, నిద్రవేళ నుంచి పోతోందా అన్నది చూసుకోవాలి. చిన్నపిల్లలు, పెద్దవారు వెంట ఉంటే మాత్రం నేను రెండో మాట లేకుండా విమానమే చెబుతాను.

అపోహ: ఒకే టికెట్టును పదిసార్లు వెతికితే ధర పెరుగుతుంది. రహస్య విండోలో వెతికితే తగ్గుతుంది.

ఈ మాట చెప్పని కాలేజీ కుర్రవాడు లేడు. విమానంలోని సీట్లను సంస్థ ధరల వారీగా వాటాలు వేసి పెడుతుంది. తక్కువ ధర వాటాలో సీట్లు అయిపోతే పై వాటా తెరుచుకుంటుంది. మీరు అన్నం తిని వచ్చేలోపు ఎవరో రెండు సీట్లు కొంటే ధర పెరుగుతుంది, అంతేకానీ మీ ఫోను మీద పగబట్టినవారు ఎవరూ లేరు.

అసలు కిటుకు వేరే ఉంది. నలుగురికి కలిపి వెతికితే, నాలుగు సీట్లూ ఒకేచోట దొరికే వాటా ధరనే నలుగురికీ చూపుతుంది. కింది వాటాలో రెండు సీట్లే మిగిలి ఉంటే అవి మీ కంట పడవు. అందుకే ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, తర్వాత నలుగురికి. తేడా కనబడితే రెండు ముక్కలుగా కొనండి. ఇలా చెప్పడం వల్ల నా వ్యాపారానికి నష్టమేమీ లేదు, ఎందుకంటే విన్నవారిలో సగం మంది ఓపిక లేక మళ్లీ నా దగ్గరికే వస్తారు.

అపోహ: హైదరాబాదు నుంచి గోవాకు నేరుగా రైలు లేదు.

ఒకప్పుడు ఈ మాట దాదాపు నిజం. ఇక్కడి నుంచి వెళ్లే కొన్ని బోగీలను గుంతకల్లులో విడదీసి మరో గోవా రైలుకు తగిలించేవారు. 2024 అక్టోబరు నుంచి సికింద్రాబాద్–వాస్కో డ గామా ఎక్స్‌ప్రెస్ వారానికి రెండు రోజులు నడుస్తోంది. మహబూబ్‌నగర్, కర్నూలు, గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి మీదుగా ఇరవై గంటల ప్రయాణం. విజయవాడ, గుంటూరు, నంద్యాల వారికి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎప్పటి నుంచో ఉంది.

కానీ రోజులు చూసుకోండి. సికింద్రాబాద్‌లో బయలుదేరేది బుధ, శుక్రవారాలు. వాస్కోలో తిరుగు రైలు గురు, శనివారాలు. శుక్రవారం ఎక్కితే శనివారం తెల్లవారుజామున గోవాలో ఉంటారు, అదే ఉదయం తొమ్మిదికి తిరుగు రైలు వెళ్లిపోతుంది. శని, ఆదివారాల విహారానికి ఈ రైలు ఒకవైపే పనికొస్తుంది, వచ్చేటప్పుడు బస్సో విమానమో చూసుకోవాలి. అయిదారు రోజులు సెలవున్న వారికి మాత్రం ఇంత చౌకగా, ఇంత హాయిగా కాళ్లు చాపుకొని వెళ్లే దారి మరొకటి లేదు.

దిగే స్టేషన్ సంగతి కూడా. కోల్వా, పాలోలెం వైపు వెళ్లేవారు వాస్కో దాకా పోకుండా మడగావ్‌లో దిగాలి. బాగా, కలంగూట్ వారు "థివిం దగ్గర కదా" అంటారు. దగ్గరే, కానీ థివిం కొంకణ్ మార్గంలో ఉంది. మన రైలు ఆ ముఖం చూడదు.

అపోహ: రైలెక్కితే దూద్‌సాగర్ జలపాతం చూడవచ్చు.

చూడవచ్చు, వచ్చేటప్పుడు. వెళ్లే రైలు ఘాట్ పైనున్న కాసిల్‌రాక్ నుంచి కిందనున్న కులెంకు దిగేది అర్ధరాత్రి దాటాక. 310 మీటర్ల జలపాతం పక్కనే ఉన్నా చీకట్లో హోరు తప్ప ఏమీ తెలియదు. తిరుగు రైలు మాత్రం పట్టపగలే ఘాట్ ఎక్కుతుంది. ముప్పై ఏడు అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే ఏటవాలు అది, అందుకే కులెంలో అదనపు ఇంజన్లు తగిలిస్తారు. రైలు మెల్లగా పోతున్నదని విసుక్కోకండి, ఆ అరగంట కోసమే నేను ఏటా ఒకసారి తిరుగు ప్రయాణానికి రైలు పెట్టుకుంటాను. అక్కడ దిగి ఫొటోలు తీసుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. 2023 జూలైలో అలా దిగినవారి చేత రైల్వే పోలీసులు గుంజీలు తీయించారు.

అపోహ: ఏజెంటుకు ఇంకో వంద ఇస్తే తత్కాల్ ఖాయం.

ఏసీ తత్కాల్ పదింటికి, స్లీపర్ పదకొండింటికి తెరుచుకుంటాయి. 2025 జూలై నుంచి మొదటి అరగంట ఏజెంట్లకు బుకింగ్ లేదు. గోవా రైలులో తత్కాల్ బెర్తులు అరగంట దాకా మిగలవు. ఆధార్‌తో ధ్రువీకరించిన మీ సొంత ఖాతాలో మీరే ప్రయత్నించాలి. "నా దగ్గర దారి ఉంది" అనే ఏజెంటు కనబడితే ఆ దారిలో మీరు నడవకండి. దానికన్నా 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన ఉదయమే కూర్చోవడం మేలు. పాత అలవాటుతో ఇంకా 120 రోజుల లెక్క వేసేవారున్నారు. అది 2024 నవంబరులోనే పోయింది.

అపోహ: స్లీపర్ బస్సులో వెళితే ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది.

మిగులుతుంది. అయితే బస్సు ఉదయం ఎనిమిదికో తొమ్మిదికో దింపుతుంది, హోటల్ గది మధ్యాహ్నం పన్నెండు, రెండు దాకా ఇవ్వరు. సామాను రిసెప్షన్‌లో పెట్టి, స్నానం లేకుండా ఇసుకలో తిరిగే ఆ నాలుగు గంటల గురించి ఎవరూ ఆలోచించరు. ముందుగా గది ఇస్తారేమో ఫోను చేసి అడగండి.

బెర్తు విషయంలో నా మాట ఒకటే: మధ్యలో, కింది బెర్తు. వెనక చక్రాలు దాటాక ఉండే బెర్తుల్లో కుదుపుకు నడుము పోతుంది. బెలగావి దాటాక చోర్లా ఘాట్ అయినా అన్‌మోడ్ ఘాట్ అయినా మలుపులే మలుపులు, పై బెర్తులో పడుకున్నవారికి కడుపు తిప్పుతుంది. వర్షాకాలంలో కొండచరియలు పడి చుట్టూ తిప్పి తీసుకువెళ్లే రోజులూ ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బస్సు దిగగానే అందుకోవాల్సిన పని ఏదీ పెట్టుకోకండి.

ఇంకో మాట చెప్పకుండా బస్సు టికెట్టు అమ్మలేను. 2013లో పాలెం దగ్గర 45 మంది, 2025 అక్టోబరులో కర్నూలు శివార్లలో మరికొందరు బస్సు మంటల్లో చనిపోయారు. రెండూ నిద్రవేళ జరిగినవే. ఎక్కగానే దుప్పటి కప్పుకోకుండా అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో, అత్యవసర ద్వారానికి సామాను అడ్డుగా ఉందేమో చూడండి. ఉంటే క్లీనర్‌తో తీయించండి. అతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

అపోహ: నలుగురుంటే సొంత కారే చవక.

నడపగలిగినవారు ఇద్దరుంటే సరే. ఒక్కరే అయితే హుబ్బళ్లిలోనో విజయపురలోనో రాత్రి ఆగాల్సిందే, ఆ గది అద్దె కలిపితే చవక అనేది పోతుంది. గోవాలో అద్దెకు బండి తీసుకునేవారు నల్లని పలకపై పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల పలక బండి తక్కువకు ఇస్తామంటారు, పోలీసులు ఆపినప్పుడు చిక్కు మీకే.

అపోహ: విమానంలో అయిదు లీటర్ల మద్యం అనుమతిస్తారు కాబట్టి సీసాలు తెచ్చుకోవచ్చు.

ఆ అయిదు లీటర్లు విమాన భద్రతకు సంబంధించిన నిబంధన. తెలంగాణ ఎక్సైజ్ శాఖకు దానితో సంబంధం లేదు. ఇక్కడ సుంకం కట్టని మద్యం ఏ దారిన వచ్చినా నేరమే, గోవా నుంచి వచ్చే విమానాల్లో, రైళ్లలో తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. పట్టుబడ్డాక "అన్నా, ఎవరైనా తెలిసినవారున్నారా?" అని తెల్లవారుజామున నాకు ఫోను చేసేవారు ఏటా ఒకరిద్దరు ఉంటారు. నేను అమ్మేది టికెట్లే.