సన్న బాణాన్ని వదులుకున్న మార్చి: యారో ఫంక్షన్ వివాదానికి నేపథ్యం

వెబ్ పేజీలను నడిపించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌ను కొత్తగా నేర్చుకునేవారికి మొదటి పాఠాల్లోనే యారో ఫంక్షన్ (బాణం గుర్తుతో పొట్టిగా రాసే ఫంక్షన్) చెప్పాలా, లేక ఫంక్షన్ కీవర్డ్‌తో రాసే పాత పద్ధతి చేతికి వచ్చాక చెప్పాలా అన్న వాదన శిక్షకుల మధ్య మళ్లీ రాజుకుంది. వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ నేర్చుకుని ఉద్యోగం సంపాదించాలని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చేరేవారిపై దీని ప్రభావం నేరుగా పడుతుంది, ఎందుకంటే వారు చూసే కోడ్‌లో చాలా భాగం ఈ బాణాలతోనే నిండి ఉంటుంది.

1995లో నెట్‌స్కేప్‌లో ఈ భాష ఎలా పుట్టిందో చాలామందికి తెలిసిందే కనుక ఆ కథ ఇక్కడ అవసరం లేదు. నేటి వాదనకు మూలం 2012 మార్చిలో ఉంది. జావాస్క్రిప్ట్ ప్రమాణాన్ని నిర్ణయించే ఎక్మా ఇంటర్నేషనల్ వారి టీసీ39 కమిటీ ముందు అప్పటికి కొంతకాలంగా పొట్టి ఫంక్షన్ల ప్రతిపాదనలు నలుగుతున్నాయి. భాష సృష్టికర్త బ్రెండన్ ఐక్ 2011లో రాసిన ప్రతిపాదనలో రెండు బాణాలుండేవి. సన్న బాణం (->) మామూలు ఫంక్షన్‌నే క్లుప్తంగా రాసే పద్ధతి. లావు బాణం (=>) క్లుప్తతతో పాటు మరో పని చేస్తుంది: లోపల వాడిన 'దిస్' (కోడ్ ఏ ఆబ్జెక్ట్ తరఫున నడుస్తోందో సూచించే పదం) విలువను, ఆ ఫంక్షన్‌ను రాసిన చోట చుట్టూ ఉన్న కోడ్ నుంచే తీసుకుంటుంది. దీనికి పోటీగా ఐక్ స్వయంగా బ్లాక్ లాంబ్డా అనే మరో రూపాన్ని కూడా ముందుంచారు గానీ, అందులో లోపల రాసిన రిటర్న్ బయటి ఫంక్షన్‌నే ముగించే తీరు ఉండేది, అది నిలవలేదు. 2012 మార్చిలో ఐక్ తన ప్రతిపాదనను సరళం చేసి సన్న బాణాన్ని తీసేశారు, ఆ నెలాఖరు సమావేశంలో కమిటీ లావు బాణానికి సమ్మతి తెలిపింది. అంటే కేవలం పొట్టిగా రాయడానికి పనికొచ్చే రూపం పక్కకు పోయి, అర్థాన్ని మార్చే రూపం ఒక్కటే భాషలోకి వచ్చింది. ఈ సంగతి చెప్పకుండా యారోను 'ఫంక్షన్‌కు షార్ట్‌కట్' అని పరిచయం చేసే పాఠం ఆ నిర్ణయాన్ని తలకిందులుగా చెబుతున్నట్టే.

లావు బాణమే ఎందుకు గెలిచిందో తెలియాలంటే అంతకు ముందున్న బాధ చూడాలి. మామూలు ఫంక్షన్‌లో 'దిస్' ఎవరన్నది దాన్ని పిలిచే తీరును బట్టి తేలుతుంది. ఒక మెథడ్ (ఆబ్జెక్ట్‌కు చెందిన ఫంక్షన్) లోపల, కాసేపాగి పని చేయించే సెట్‌టైమౌట్‌కు కాల్‌బ్యాక్ (తర్వాత పిలవమని అందించే ఫంక్షన్) ఇస్తే, అది నడిచే సమయానికి అందులోని 'దిస్' మన ఆబ్జెక్ట్‌ను చూపించదు. బ్రౌజర్‌లో గ్లోబల్ ఆబ్జెక్ట్‌ను చూపిస్తుంది. అందుకే ప్రోగ్రామర్లు 'దిస్'ను ముందుగా 'సెల్ఫ్' లేదా 'దట్' అనే వేరియబుల్‌లో దాచుకుని వాడేవారు. 2009 డిసెంబరు నాటి ప్రమాణం ఐదో ఎడిషన్, ఫంక్షన్‌కు 'దిస్'ను ముందే ఖాయం చేసే బైండ్ అనే మెథడ్‌ను అధికారికంగా చేర్చింది. ఆ రోజుల్లోనే జెరెమీ ఆష్కెనాస్ మొదలుపెట్టిన కాఫీస్క్రిప్ట్ భాషలో సన్న, లావు బాణాలు రెండూ ఉండేవి. లావు బాణం ఆ బాధకు ఎంత తేలికగా మందు వేస్తుందో వేలమంది అక్కడే చూశారు.

ఆపై అమలు త్వరగానే సాగింది. 2013 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 22, 2015లో క్రోమ్ 45 దీన్ని అందించాయి; 2015 జూన్‌లో ప్రమాణం ఖరారైంది. అదే ఏడాది మార్చిలో రియాక్ట్ 0.13 క్లాసులను ఆదరించింది గానీ, కాంపోనెంట్లు (పేజీలోని భాగాలు) రాసే పాత పద్ధతి క్రియేట్‌క్లాస్ తనంతట తాను చేసిపెట్టే బైండింగ్, అంటే 'దిస్'ను ఖాయం చేయడం, వాటిలో లేదు. దాంతో ఈవెంట్ హ్యాండ్లర్లను (క్లిక్ వంటివి జరిగినప్పుడు నడిచే ఫంక్షన్లను) యారోలుగా రాయడం రివాజైంది. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో, క్లాసులు లేకుండానే కాంపోనెంట్లు రాయనిచ్చే హుక్స్ వచ్చాక కొత్త కాంపోనెంట్లలో 'దిస్' అవసరమే తగ్గిపోయింది, బాణం మాత్రం అలవాటుగా మిగిలింది. ఆ తర్వాత నేర్చుకున్నవారికి దాని అసలు పని కనిపించే సందర్భమే అరుదైంది.

యారోతోనే మొదలుపెట్టాలనేవారి వాదనలో బలం లేకపోలేదు. జాబితాలోని ఒక్కో అంశంపై పనిచేసే మ్యాప్, ఫిల్టర్ వంటి వాటికి కాల్‌బ్యాక్ రాయడానికి అంతకన్నా శుభ్రమైన రూపం లేదు, పైగా కోర్సుల వ్యవధి తక్కువ.

అయితే ఎదుటి పక్షం చూపించే తప్పులు రోజూ తరగతుల్లో ఎదురవుతున్నవే. ఆబ్జెక్ట్‌లోని మెథడ్‌ను యారోగా రాసిన విద్యార్థికి 'దిస్' ఆ ఆబ్జెక్ట్‌ను ఇవ్వదు, ఎందుకంటే ఆబ్జెక్ట్ చుట్టూ ఉండే ఫ్లవర్ బ్రాకెట్లు కొత్త 'దిస్'ను సృష్టించవు. కొత్త ఆబ్జెక్ట్‌ను సృష్టించే న్యూ కీవర్డ్‌తో యారోను పిలిస్తే టైప్ ఎర్రర్ వస్తుంది; ఫంక్షన్‌కు అందిన విలువల జాబితా 'ఆర్గ్యుమెంట్స్' కూడా దానికి సొంతంగా ఉండదు. ఇవన్నీ ఆ మార్చిలో ఎంచుకున్న బాణం స్వభావం నుంచి, దాని చుట్టూ అల్లిన నియమాల నుంచి వచ్చినవే. వీటికి వ్యాకరణం తెచ్చే చిక్కు తోడవుతుంది: బాణం తర్వాత నేరుగా ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి అందులో ఒకే పేరు, దాని విలువ రాస్తే, ఇంజిన్ దాన్ని ఆబ్జెక్ట్‌గా కాక ఫంక్షన్ శరీరంగా చదివి, ఏ ఎర్రరూ చూపకుండా అన్‌డిఫైన్డ్ (విలువ లేదని అర్థం) తిరిగిస్తుంది. చుట్టూ మామూలు బ్రాకెట్లు పెట్టాలని ముందే చెప్పకపోతే విద్యార్థి గంటల తరబడి తప్పును వేరే చోట వెతుకుతాడు.

అందుకే ఈ పక్షం వారు ముందుగా మామూలు ఫంక్షన్‌తో సెట్‌టైమౌట్ ఉదాహరణ రాయించి, అది విఫలమవడం చూపించి, బైండ్‌తో సరిచేయించి, ఆపై బాణం చేతికివ్వాలంటున్నారు. కొత్త కోడ్‌లో క్లాసులు తగ్గాయి కనుక ఇదంతా అనవసరమని మొదటి పక్షం జవాబు. కానీ రియాక్ట్‌లో సొంతంగా ఎర్రర్ బౌండరీ (లోపలి కాంపోనెంట్లలో వచ్చే ఎర్రర్‌ను పట్టుకునే కాంపోనెంట్) రాయాలంటే నేటికీ క్లాసే కావాలి, 2019కి ముందు రాసిన క్లాస్ కాంపోనెంట్లను నిర్వహించే పని కొత్తగా ఉద్యోగంలో చేరినవారికీ తప్పడం లేదు.