వీఎం స్క్రిప్ట్‌లు: ఎర్రర్ రాలేదంటే పని అయినట్టేనా?

"అన్నా, బ్యాకప్ స్క్రిప్ట్ రోజూ రాత్రి నడుస్తోంది, ఒక్క ఎర్రర్ కూడా లేదు. కానీ రీస్టోర్ చేస్తే వీఎం లేవట్లేదు." బెంగళూరు వచ్చినప్పటి నుంచి ఈ మాట ఎంతమంది నోట విన్నానో. మొన్న మారతహళ్లి నుంచి ఒక తమ్ముడు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. వీఎం అంటే వర్చువల్ మెషిన్, ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్.

అపోహ: ఎర్రర్ లేకుండా కమాండ్ ముగిస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: కేవీఎంలో (లైనక్స్‌లో వీఎంలను నడిపే ఏర్పాటు) 'విర్ష్ షట్‌డౌన్' కమాండ్ ఆగిపొమ్మని వీఎంకి కబురు పంపుతుంది, అంతే. ఎగ్జిట్ కోడ్ 0 (ఎర్రర్ లేదని గుర్తు) ఇచ్చి వెంటనే వచ్చేస్తుంది. అది చూపించే వాక్యం ఒకసారి చదవండి: 'ఈజ్ బీయింగ్ షట్‌డౌన్'. ఆగుతోంది అంటోంది, ఆగింది అనడం లేదు. లోపల విండోస్ అప్‌డేట్లు పడుతుంటే చాలాసేపు పట్టొచ్చు. గెస్ట్ ఓఎస్ (వీఎం లోపలి ఆపరేటింగ్ సిస్టమ్) ఆ ఏసీపీఐ సిగ్నల్‌ని, అంటే పవర్ బటన్ నొక్కినట్టు వెళ్లే ఆ కబురుని, పట్టించుకోకపోతే అసలు ఆగదు.

నేను కూడా ఒకప్పుడు ఒక ఆఫీసు స్క్రిప్ట్‌లో షట్‌డౌన్ కింద 'స్లీప్ 60' (60 సెకన్లు ఆగమనే కమాండ్) పెట్టి, ఆ కింద డిస్క్ ఫైల్ కాపీ చేసేవాణ్ణి. నాలుగు నెలలకు ఆ ఆఫీసులో డిస్క్ పోయింది. కాపీ ఉంది, సైజు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది. డేటాబేస్ మాత్రం తెరుచుకోలేదు. నడుస్తున్న డిస్క్‌ని సగంలో కాపీ కొట్టాం మరి. అకౌంట్స్ మేడమ్ రెండు రోజులు ఓచర్లన్నీ మళ్లీ ఎక్కించారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

కాబట్టి స్లీప్‌ని నమ్మకండి. లూప్ పెట్టి అయిదు సెకన్లకోసారి 'విర్ష్ డామ్‌స్టేట్'తో వీఎం ఏ స్థితిలో ఉందో అడగండి. 'షట్ ఆఫ్' అని వస్తేనే కాపీ. పది నిమిషాలైనా రాకపోతే కాపీ మానేసి, మీకు మెయిల్ వచ్చేలా రాయండి. నెలకోసారి ఒక కాపీని వేరే పేరుతో, నెట్‌వర్క్ తీసేసి, లేపి చూడండి.

మిగతావి గబగబా చెప్తా. 'విర్ష్ డిస్ట్రాయ్' వీఎంని చెరిపేస్తుందని జూనియర్లకు టెన్షన్. చెరిపేయదు, కరెంటు వైరు పీకినట్టు ఆపుతుంది. సేవ్ కానిది పోవచ్చు. వీఎంని జాబితాలోంచి తీసేసే 'అన్‌డిఫైన్'కి 'రిమూవ్ ఆల్ స్టోరేజ్' తగిలిస్తే డిస్కులు కూడా పోతాయి, భయపడాల్సింది దానికి. స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకునేది) బ్యాకప్ కాదు. ఒక్కో స్నాప్‌షాట్‌ని 72 గంటలు మించి ఉంచొద్దని, వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ వాళ్లే చెప్తారు. చేత్తో నడిపితే నడిచిన స్క్రిప్ట్ క్రాన్‌లో (టైముకి దానంతటదే నడిపేది) నడవకపోతే ముందు పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) చూడండి, కమాండ్‌కి పూర్తి దారి రాయండి. వాట్సాప్‌లో వచ్చిన స్క్రిప్ట్‌ని చదవకుండా రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడపడం దయచేసి ఆపండి.

ఆ తమ్ముడు అదే రాత్రి లూప్ పెట్టాడు. పొద్దున లాగ్ పంపాడు. ఏడు వీఎంలలో ఆరు 'షట్ ఆఫ్'. ఏడోది పది నిమిషాలూ 'రన్నింగ్' అనే చూపించింది, లేవనిది అదే. గెస్ట్‌లో ఆ సిగ్నల్‌ని అందుకునే ఏసీపీఐడీ సర్వీసు లేదు. ఇన్‌స్టాల్ చేశాక 22 సెకన్లలో ఆగింది.